కారు లేని కాపురం



అద్దెకు ఇల్లు చూడబోతే మనం అడిగేవన్నీ ఇంటి సంగతులే. తూర్పు ముఖమా, ఉత్తరమా? మంజీర నీళ్ళు రోజు విడిచి రోజు వస్తాయా, బోరు కూడా ఉందా? లిఫ్టుందా? అడ్వాన్సు ఎన్ని నెలలది? కారు పెట్టుకోవడానికి చోటుందా? అడగాల్సినవే ఇవన్నీ. అయితే కారు లేనివాళ్ళు, కొనగలిగీ వద్దనుకున్నవాళ్ళు వీటికంటే ముందు అడగాల్సింది ఇంకొకటుంది. ఈ మెట్లు దిగి కాలినడకన ఎక్కడెక్కడికి వెళ్ళి రావచ్చు? ఇంట్లో ఎవరెవరు వెళ్ళి రావచ్చు? రెండోది మరీ ముఖ్యం. పాతికేళ్ళవాడు ఎలాంటి రోడ్డు మీదైనా ఎలాగో ఒకలా నెట్టుకొస్తాడు. డెబ్భై దాటిన అత్తగారు ఒక్కరే గుడికి పోయి రాగలరా, తొమ్మిదేళ్ళ పిల్ల ఒక్కతే వెళ్ళి పెరుగు ప్యాకెట్టు తేగలదా? అది నడవగలిగే పేటో కాదో తేల్చాల్సింది వాళ్ళిద్దరి కాళ్ళు.

ఈ మాటలు ఎక్కువగా హైదరాబాదును దృష్టిలో పెట్టుకుని చెబుతున్నాను. ఏళ్ళ తరబడి కారు లేకుండా నేను కాపురం చేసిన ఊరు అదే.

ముందు ఖర్చు సంగతి చూద్దాం. ఒక మామూలు కారుకు 7 లక్షలు అప్పు తీసుకుని, 9 శాతం వడ్డీతో అయిదేళ్ళలో తీర్చాలంటే నెల వాయిదా 14,500 రూపాయలు. నెలకు 600 కిలోమీటర్లు తిరిగితే, లీటరుకు 15 కిలోమీటర్లు వచ్చినా 40 లీటర్ల పెట్రోలు కావాలి. లీటరు వందకు పైమాటే కాబట్టి నాలుగువేలు దాటుతుంది. ఇన్సూరెన్సు, సర్వీసింగు, టైర్లు, బ్యాటరీ అన్నీ సర్దుకుంటే నెలకు 20,000 రూపాయలు పక్కన పెట్టాల్సిందే. కదలకుండా సెల్లారులో పడున్న రోజున కూడా ఆ ఖర్చులో చాలాభాగం తప్పదు. మనం మాత్రం బస్టాపు దగ్గరున్న వాటాకు అద్దె మూడువేలు ఎక్కువ అంటే గుండె పట్టుకుంటాం, ఊరవతల అద్దె తక్కువని పోయి, అక్కణ్ణుంచి రావడానికీ పోవడానికీ కారు కొంటాం. అద్దెనూ ప్రయాణాన్నీ ఒకే కాగితం మీద వేసి కూడితే చాలా ఇళ్ళలో లెక్క తారుమారవుతుంది.

ఖర్చు ఒక్కటే అయితే ఇంత చెప్పేదాన్ని కాదు. ఇంట్లో కారు ఒకటే ఉంటుంది, నడిపేవారు ఒకరో ఇద్దరో ఉంటారు. మిగతావాళ్ళంతా వాళ్ళ తీరిక కోసం కనిపెట్టుకుని ఉండాలి. అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్ళొచ్చిన పెద్దవాళ్ళను కదిపి చూడండి. డాలస్ పక్కన ఫ్రిస్కోలోనో ఇర్వింగులోనో ఆరునెలలు ఉండొచ్చినవాళ్ళు ఇల్లు ఇంద్రభవనం అంటారు, ఆ వెంటనే, కొత్తిమీర కట్ట కావాలన్నా అబ్బాయి ఆఫీసు నుంచి రావాలి అంటారు. న్యూజెర్సీలో జర్నల్ స్క్వేర్ దగ్గర ఉండొచ్చినవాళ్ళు ఇంకో రకంగా మాట్లాడతారు. అక్కడ న్యూఆర్క్ అవెన్యూ మీద మనవాళ్ళ కూరగాయల కొట్లు, మిఠాయి కొట్లు, హోటళ్ళు వరసగా ఉంటాయి. దగ్గర్లోనే రైలు స్టేషను, ఎక్కితే మన్‌హాటన్‌లో దిగొచ్చు. ఇరుకు వాటాలే, పాత మెట్లే. అయినా తాతగారు పొద్దున్నే చొక్కా వేసుకుని, ఎవర్నీ అడక్కుండా బయటికి పోయి, నలుగుర్ని పలకరించి వస్తారు. పిల్లల ఉద్యోగాలు రెండుచోట్లా ఒకటే. ఉన్న పేట వేరు.

ఇప్పుడు హైదరాబాదుకు వస్తాను. మా చెల్లెలి కొడుకు కుటుంబం ఇల్లు మారాల్సొస్తే వాళ్ళతో కలిసి నేనూ తిరిగాను. అబ్బాయి ఉద్యోగం రాయదుర్గం దగ్గర, కోడలికి కోఠిలో. స్కూలుకు వెళ్ళే పాప ఒకతి. వాళ్ళతో పాటు ఉండేది మా చెల్లెలు, మోకాళ్ళ నొప్పి మనిషి. చిక్కడపల్లి, బాగ్‌లింగంపల్లి చుట్టుపక్కల చూస్తే రెండు ఇళ్ళు నచ్చాయి. మొదటిది కొత్త అపార్టుమెంటు, గాలీ వెలుతురూ బాగున్నాయి. కూరగాయల బళ్ళు మూడువందల మీటర్లే, కాకపోతే పెద్ద రోడ్డుకు అవతల. రెండోది పాత ఇంట్లో మొదటి అంతస్తు వాటా. బళ్ళు దానికి రెట్టింపు దూరం. మా వాడు ఫోనులో దూరాలు చూసి మొదటిదే ఖాయం చేద్దామన్నాడు.

సాయంత్రం ఆరున్నరకు వెళ్ళి చూద్దాం పదండి అన్నాను. చెల్లెలు ఒక చేత్తో సంచీ, ఇంకో చేత్తో కుచ్చిళ్ళు పట్టుకుని రోడ్డు అంచున నిలబడింది. దగ్గర్లో సిగ్నల్ లేదు. డివైడరు కమ్మీలు ఒకచోట ఎవరో వంచేసి ఉంటే, జనమంతా ఆ సందులోంచే దూరిపోతున్నారు. బస్సు ఆగిందని అడుగు వేస్తే, బస్సుకూ ఫుట్‌పాత్‌కూ మధ్యలోంచి మోటారుసైకిలు దూసుకొచ్చింది. అడుగు వెనక్కి తీసుకుంది. మళ్ళీ వేసింది, ఈసారి ఎదురు దారిలో ఇంకో బండి. ఆఖరికి ఒక ఆటో అతను బండి ఆపి, చెయ్యి బయటపెట్టి వెనకవాళ్ళను ఆపితే సగం రోడ్డు దాటాం. మిగతా సగం డివైడరు దగ్గర నిలబడి చూస్తూ ఉండగానే చెల్లెలు అనేసింది: "అక్కా, ఈ ఇంట్లో దిగితే నేనిక గుమ్మం దాటను."

రెండో ఇంటినుంచి దారి సందుల్లోంచి పోతుంది. కానుగ చెట్టు కింద ఇస్త్రీ బండి, దాని పక్కన పూలమ్మే ఆమె, పిండిమర, బ్లౌజులు కుట్టే దర్జీ, ఆ మలుపులో మందుల షాపు. షాపు ముందు ఒక ప్లాస్టిక్ కుర్చీ వేసి ఉంది. మా చెల్లెలు అడక్కుండానే దాంట్లో కూచుంది, షాపతను ఏమీ అనలేదు సరికదా మంచినీళ్ళు ఇచ్చాడు. దారిలో దాటాల్సింది ఒకే ఒక చిన్న రోడ్డు. నడక కొంచెం ఎక్కువసేపే పట్టింది, కానీ ఆమెకు ఆయాసమూ లేదు, భయమూ లేదు. "పెద్దత్తయ్యా, ఇక్కడైతే పాపను కూడా పంపొచ్చు," అంది కోడలు. రెండో ఇల్లే తీసుకున్నారు.

అప్పట్నుంచి దూరం ఎంత అని అడగడం మానేశాను. ఎన్ని పెద్ద రోడ్లు దాటాలి, దాటేచోట సిగ్నల్ ఉందా అని అడుగుతున్నాను. సిగ్నల్ ఉంటే చాలదు, ఎంతసేపు పడుతుందో కూడా నిలబడి చూడాలి. ఆరు లేన్ల రోడ్డు వెడల్పు సుమారు 21 మీటర్లు. ఆరోగ్యంగా ఉన్న మనిషి సెకనుకు 1.2 మీటర్లు నడుస్తాడనుకుంటే 18 సెకన్లలో దాటేస్తాడు. మోకాళ్ళ నొప్పి ఉన్నవాళ్ళు సెకనుకు 0.8 మీటరు నడుస్తారనుకుంటే వాళ్ళకు 26 సెకన్లు కావాలి. నడిచేవాళ్ళకు పచ్చదీపం 20 సెకన్లే వెలిగే చోట, వాళ్ళు ఇంకా రోడ్డు మీద ఉండగానే వాహనాలు కదులుతాయి. ఆ ఆరు సెకన్ల కోసమే ఎందరో పెద్దవాళ్ళు సాయంత్రాలు బయటికి రావడం మానుకున్నారు. వాళ్ళ భయం ఉత్తది కాదు. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో పోయిన 1,68,491 మందిలో 32,825 మంది నడిచి వెళ్తున్నవాళ్ళే అని కేంద్ర రవాణా శాఖ నివేదిక చెబుతోంది. ప్రతి అయిదుగురిలో దాదాపు ఒకరు.

ఫుట్‌పాత్‌ల సంగతి. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ నిబంధనల ప్రకారం ఫుట్‌పాత్ మీద నడవడానికి అడ్డంకి లేని చోటు కనీసం 1.8 మీటర్లు, అంటే ఆరడుగులు ఉండాలి. చక్రాల కుర్చీలు రెండు ఎదురెదురుగా వస్తే తప్పుకుని పోగలగాలి. రోడ్డుమీంచి దాని ఎత్తు 15 సెంటీమీటర్లు, అంటే అరడుగు మించకూడదు. మన వీధుల్లో చూస్తే చాలాచోట్ల అడుగు ఎత్తున కడతారు, మధ్యలో ట్రాన్స్‌ఫార్మరు దిమ్మె ఉంటుంది, ప్రతి ఇంటి గేటు ముందూ కారు ఎక్కడానికి వాలుగా కోసేస్తారు. దాని మీద నడవడమంటే పది గజాలకోసారి ఎక్కి దిగడం. అందుకే జనం రోడ్డు మీదే నడుస్తారు. అడ్డంకుల్లేని ఫుట్‌పాత్ పాదచారి హక్కు అనీ, రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కులో అది భాగమనీ 2025 మేలో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. తీర్పు వచ్చింది, మన పేటకు ఎప్పుడు వస్తుందో మనం అడగాలి. ఇల్లు వెతికే మనిషి మాత్రం అప్పటిదాకా ఆగలేడు కాబట్టి, ఉన్నవాటిలోనే మంచివి ఏవో పోల్చుకోవాలి.

నన్నడిగితే ఫుట్‌పాత్ లేని చిన్న సందు, ఫుట్‌పాత్ ఉన్న పెద్ద రోడ్డుకంటే ఎన్నో రెట్లు నయం. సందులో బండి మెల్లగా పోక తప్పదు. నడిపేవాడికి మనిషి మొహం కనిపిస్తుంది, మనిషికి నడిపేవాడి మొహం కనిపిస్తుంది. నాలుగు అడుగులకొక మలుపు ఉంటే మనకు దారులూ నాలుగు ఉంటాయి, ఒకటి తవ్వేస్తే ఇంకో దాంట్లోంచి పోవచ్చు. గుంటూరు బ్రాడీపేట తెలిసినవాళ్ళకు ఇది వివరించక్కర్లేదు. అక్కడ చిరునామా చెప్పడమే ఫలానా లైను, ఫలానా అడ్డరోడ్డు అని చెబుతారు. లైన్లూ అడ్డరోడ్లూ గళ్ళ మాదిరి కోసుకుంటూ పోతాయి కాబట్టి ఎక్కణ్ణుంచి ఎక్కడికైనా దగ్గరిదారి దొరుకుతుంది, ప్రతి మూలమీదా ఏదో ఒక కొట్టు బతుకుతుంది. చిన్న చిన్న గళ్ళుగా ఉన్న వీధులే పేటకు ప్రాణమని అమెరికాలో జేన్ జేకబ్స్ 1961లోనే తన పుస్తకంలో ఒక అధ్యాయం రాశారు. ఆమె రాసింది న్యూయార్కు వీధుల్ని చూసి. బ్రాడీపేట చూసి ఉంటే అదీ ఆమెకు పనికొచ్చేదనుకుంటాను.

హైదరాబాదు పాత పేటలు ఇలా ఉండడానికి కారణముంది. 1932లో నిజాం రైల్వే వాళ్ళు 27 బస్సులతో రోడ్డు రవాణా మొదలుపెట్టారు. ఆ రోజుల్లోనూ ఆ తర్వాత చాలాకాలం దాకానూ మామూలు సంసారికి కాళ్ళు, సైకిలు, బస్సు తప్ప ఇంకో దారి లేదు. కాబట్టి ఇళ్ళు బస్టాపుకు దగ్గరగా, కొట్లు ఇళ్ళకు దగ్గరగా పుట్టుకొచ్చాయి. చిక్కడపల్లిలో నిలబడి చూడండి. నగర కేంద్ర గ్రంథాలయం అక్కడే, త్యాగరాయ గానసభ అక్కడే, వెంకటేశ్వరస్వామి గుడి అక్కడే. బాగ్‌లింగంపల్లిలో సుందరయ్య విజ్ఞాన కేంద్రమూ, పార్కూ ఉన్నాయి. సినిమా అంటే ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ దాకా నడవడమే. దోమలగూడ వైపు పోతే ఇందిరా పార్కు. నల్లకుంటలో శంకరమఠం, జ్వరాల ఆసుపత్రి. అశోక్‌నగర్‌లో పోటీపరీక్షలకు చదివే పిల్లలుంటారు. వాళ్ళ పుణ్యమా అని టిఫిన్ సెంటర్లూ, మెస్సులూ, జిరాక్సు షాపులూ రాత్రి పొద్దుపోయేదాకా తెరిచే ఉంటాయి. ఆడపిల్ల రాత్రి తొమ్మిదిన్నరకు బస్సు దిగి ఒంటరిగా నడిచి రావాలంటే కావలసింది అదే. నలుగురు తిరిగే చోటు, తెరిచి ఉన్న కొట్టు, వెలిగే దీపం. సీసీ కెమెరా ఉందని బోర్డు పెట్టిన నిర్మానుష్యమైన రోడ్డుకంటే, ఇడ్లీబండి ఉన్న వీధి మీద నాకు నమ్మకం ఎక్కువ.

మరి ఉద్యోగాలు చాలావరకు ఊరికి పశ్చిమాన ఉన్నాయి కదా అంటారు. నిజమే. అక్కడే మెట్రో లెక్కలోకి వస్తుంది. 2017 నవంబరులో మొదలైన మెట్రో 2020 ఫిబ్రవరికి మూడు దారులు, 57 స్టేషన్లు, 69 కిలోమీటర్లకు చేరింది. మా చెల్లెలి కొడుకు చిక్కడపల్లిలో ఎక్కి పరేడ్ గ్రౌండ్ దగ్గర మారి రాయదుర్గంలో దిగుతాడు. కోడలు చిక్కడపల్లిలోనే ఎదుటివైపు రైలెక్కి సుల్తాన్ బజారులో దిగి కోఠికి నడుస్తుంది. అంత దూరం రోజూ పోలేనివాళ్ళు మధురానగర్, యూసుఫ్‌గూడ చూడొచ్చు. రాయదుర్గం పోయే నీలం దారి మీదే ఉన్నాయి, మాదాపూరుకు దగ్గర, కిందన మామూలు జనం తిరిగే పాత బజార్లు ఉన్నాయి. ఎస్సార్ నగర్ మెట్రో ఇంకో దారి మీదున్నా, బజార్ల విషయంలో అదీ అలాంటిదే. కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీ పెద్దదైపోయి రద్దీగా ఉన్నమాట వాస్తవం, అయినా రైతుబజారు, బడి, డాక్టరు, మెట్రో అన్నీ ఒకచోట దొరికే పేట కాబట్టి దాన్ని కొట్టిపారెయ్యను. ఒక్క జాగ్రత్త. స్టేషను కిలోమీటరులో ఉందని ప్రకటనలో చూసి ఒప్పుకోకండి. స్టేషను మెట్లు మన వైపు దిగుతాయా, అవతలి వైపు దిగుతాయా, ఆఫీసు దగ్గర దిగాక మిగిలిన దూరం ఎలా పోవాలి అన్నవి ఒక పనిరోజు పొద్దున్నే వెళ్ళి చూసుకోండి.

బస్సు కూడా అంతే. రూటు ఉందని చెప్పడం సులువు, ఎన్ని నిమిషాలకొక బస్సు వస్తుందన్నదే అసలు సంగతి. గంటకొకటి వచ్చే బస్సుకు మనిషి తన పనులన్నీ అమర్చుకోవాలి. పది నిమిషాలకొకటి వస్తే టైము చూసుకోకుండా బయల్దేరొచ్చు. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్ళకు చాలా రకాల ఆర్టీసీ బస్సుల్లో ప్రయాణం ఉచితం. ఇళ్ళలో పనిచేసేవాళ్ళకూ, చదువుకునే ఆడపిల్లలకూ దీనివల్ల ఎంత వెసులుబాటు వచ్చిందో వాళ్ళనే అడగండి. బస్సు ఉచితమే అయినా దాని దాకా నడిచి పోలేకపోతే ఆ మేలు చేతికందదు. బస్టాపుకూ ఇంటికీ మధ్య దారి ఇంటి అద్దె ఒప్పందంలో రాయరు గానీ, అద్దె దానికీ కడుతున్నామనే అనుకోవాలి.

నార్సింగి, కోకాపేట, తెల్లాపూర్ వైపు వచ్చిన పెద్ద పెద్ద గేటెడ్ కమ్యూనిటీల గురించి కూడా చెప్పాలి. లోపల నడవడానికి చక్కటి బాట ఉంటుంది, చెట్లుంటాయి, పిల్లలు సైకిళ్ళు తొక్కుతారు, ఒక సూపర్ మార్కెట్టూ ఉంటుంది. అక్కడి పిల్లలకు అది సుఖమే, కాదనను. చిక్కంతా గేటు బయట. ప్రహరీగోడ పొడుగు అరకిలోమీటరు ఉంటుంది, గేటు ఒక వైపే ఉంటుంది. గోడకు అవతల ఎదురుగా కనిపిస్తున్న మందుల షాపుకు పోవాలంటే లోపల్నుంచి గేటు దాకా, గేటునుంచి గోడ చుట్టూ తిరిగి రావాలి. గోడ పొడుగునా ఒక కొట్టు లేదు, ఒక గుమ్మం లేదు, ఎండకు నీడ లేదు. ఆ రోడ్డు మీద నడిచేవాళ్ళు పనమ్మాయిలు, వాచ్‌మెన్లు, కట్టడం కూలీలు. కారున్నవాళ్ళకు ఆ దారి ఎలా ఉంటుందో తెలిసే అవకాశమే లేదు, అద్దం ఎక్కించుకుని పోతారు కాబట్టి. ఇంట్లో పనిచేసే మనిషి ఎలా వస్తోందో, ఎంత దూరం నడుస్తోందో అడిగితే ఆ పేట గురించి బ్రోకరు చెప్పని నిజాలన్నీ తెలుస్తాయి. ఇల్లు ఖాయం చేసుకునే ముందు నేను తప్పకుండా మాట్లాడేది వాళ్ళతోనే.

ఫోనులో అడిగితే అన్నీ నిమిషాల్లో ఇంటికే వస్తున్నాయి, ఇంకా కొట్టుకు నడవడమెందుకని పిల్లలు అడుగుతారు. జ్వరం వచ్చినరోజున మందులు ఇంటికి రావడం మంచిదే. కానీ వీధిలో కొట్టు బతికేది రోజూ నడిచి వచ్చేవాళ్ళ వల్ల. వాళ్ళు రావడం మానేస్తే ఒకరోజు షట్టరు పడుతుంది, దానితో పాటు ఆ మలుపులో దీపమూ ఆరిపోతుంది. మా చెల్లెల్ని కుర్చీలో కూచోబెట్టిన ఆ మందుల షాపతను ఉండాలంటే, అతని దగ్గర కొనేవాళ్ళు ఆ సందులో ఉండాలి.

ఇల్లు చూడ్డానికి ఆదివారం పొద్దున వెళ్ళకండి. ఆదివారం పొద్దున ఏ వీధైనా బాగానే ఉంటుంది. ఏప్రిల్, మే నెలల్లో అయితే మధ్యాహ్నం రెండు గంటలకు వెళ్ళి బస్టాపు నుంచి నడవండి, నీడ ఎంతమేర ఉందో ఒంటికే తెలుస్తుంది. వేపచెట్లో కానుగలో వరసగా ఉన్న వీధికీ, మొన్ననే చెట్లు కొట్టి రోడ్డు వెడల్పు చేసిన వీధికీ తేడా అప్పుడు బయటపడుతుంది. వానాకాలమైతే వాన వెలిసిన గంటకు వెళ్ళండి. నీళ్ళు ఎక్కడ నిలిచాయి, మోకాలి లోతు నీళ్ళలో మ్యాన్‌హోల్ మూత ఉందో లేదో తెలియకుండా జనం నడుస్తున్నారా అన్నది కళ్ళారా చూడొచ్చు. రాత్రి ఎనిమిది తర్వాత ఒకసారి వెళ్ళి దీపాలు చూడండి, వీధికుక్కల సంగతి చూడండి. బడి వదిలే వేళకు ఒకసారి వెళ్ళి, పిల్లలు నడిచి ఇంటికి పోతున్నారా లేక అందరినీ ఆటోల్లోనూ స్కూటర్ల మీదా తీసుకుపోతున్నారా చూడండి. పిల్లలు తమంతట తాము నడిచి వెళ్తున్న వీధి కనిపిస్తే, మిగతావి కొంచెం అటూ ఇటూ ఉన్నా సర్దుకుపోవచ్చు. ఇన్నిసార్లు ఎవరు తిరుగుతారు అంటారేమో. ఏళ్ళ తరబడి ఉండబోయే చోటు కోసం నాలుగు పూటలు తిరగడం ఎక్కువేమీ కాదు.

కష్టాలు కూడా చెప్పకపోతే మోసం చేసినట్టవుతుంది. నేను మెచ్చుకున్న పాత పేటల్లో చాలా ఇళ్ళకు లిఫ్టు లేదు. మెట్లు నిటారుగా ఉంటాయి. పక్కింటి గోడ మన కిటికీకి ఆనుకుని ఉంటుంది. పొద్దున్నే ఆటోల మోత, పండగొస్తే మైకుల హోరు. మోకాళ్ళ నొప్పి ఉన్నవాళ్ళు మొదటి అంతస్తు దాటి పైకి పోవద్దని నా సలహా, ఎంత చవకగా వచ్చినా సరే. అర్ధరాత్రి ఆసుపత్రి అవసరం పడితే ఏం చేస్తారని అందరూ అడుగుతారు. 2005 నుంచి 108 అంబులెన్సు ఉంది, ఇప్పుడు ఫోనులో పిలిస్తే వచ్చే క్యాబులున్నాయి. ఇంకొక మాట కూడా ఉంది. ఇలాంటి పేటలో ఆటో అతనికి మన ఇల్లు తెలిసే ఉంటుంది. అతని నంబరు గోడమీద రాసిపెట్టుకున్న ఇళ్ళు నాకు చాలా తెలుసు. పెళ్ళికో తీర్థానికో కారు కావలసిన రోజున అద్దెకు తీసుకుంటే, నెలకు 20,000 మిగిలే ఇంటికి అది భారం కాదు.

మంచి పేటలు ఇంకా మంచివి కావాలంటే కట్టేవాళ్ళు కూడా నడిచేవాళ్ళను లెక్కలో వేసుకోవాలి. 2023 ఆగస్టులో ఇందిరా పార్కు నుంచి వీఎస్టీ కూడలి దాకా ఉక్కు వంతెన తెరిచారు. పైన పోయే కార్లకు సమయం కలిసొచ్చింది, సంతోషం. కింద నడిచేవాళ్ళ దారి కూడా అదే శ్రద్ధతో వెయ్యాలని అడిగే హక్కు ఆ కింద ఉన్నవాళ్ళకు ఉంది. అదే ఏడాది ఉప్పల్ చౌరస్తాలో నడిచేవాళ్ళ కోసమే స్కైవాక్ కట్టారు, లిఫ్టులూ ఎస్కలేటర్లూ పెట్టి, మెట్రో స్టేషనుకు కలిపారు. తలచుకుంటే చెయ్యగలరని అది చూపించింది. అయినా పెద్ద చౌరస్తా అయితేనే అలాంటివి కడతారు. మామూలు పేటకు కావలసింది నేలమీదే దాటే చోటు, ఆ చోట తెల్లచారలు, ముసలివాళ్ళకు చాలినన్ని సెకన్లు. వార్డు కార్యాలయానికి అర్జీ పెట్టి అడగగలిగిన చిన్న పని ఇది. పదిమంది సంతకాలు పెట్టి, ఫోటో జతచేసి, ఏ స్తంభం దగ్గర కావాలో రాసిస్తే పని జరిగే వీలు ఎక్కువ.

చివరగా, పెద్ద అపార్టుమెంట్లలో సంఘాలు నడుపుతున్నవారికి ఒక విన్నపం. మీ ప్రహరీగోడకు బస్టాపు ఉన్న వైపున, లేదా బజారు ఉన్న వైపున, మనిషి పట్టేంత చిన్న గేటు పెట్టించండి. దొంగలొస్తారన్నది అందరూ చెప్పే అభ్యంతరం. పొద్దున ఆరింటినుంచి రాత్రి తొమ్మిదింటిదాకా తెరిచి, అక్కడొక వాచ్‌మన్‌ను కూచోబెట్టండి, లేదా కార్డు పెట్టి తెరిచే తాళం వెయ్యండి. ఖర్చు ఇంటింటికీ పంచుకుంటే ఎంతో కాదు. ఆ గేటు వల్ల ఒక్కో మనిషికి అరకిలోమీటరు తగ్గుతుంది. మీ ఇంట్లో పనికొచ్చే ఆమెకూ, కాలేజీ పిల్లకూ, పొద్దున్నే గుడికి పోయే పెద్దాయనకూ రానూ పోనూ కలిపి రోజుకు కిలోమీటరు. ఈ నెల సమావేశం అజెండాలో పార్కింగు సంగతి ఎలాగూ ఉంటుంది. దాని పక్కనే ఈ గేటు సంగతి కూడా రాయించండి.